నాయిన పగలగొట్టిన తాళం

సన్మానాలంటే నాకు మొదటి నుంచీ చిరాకు. శాలువా కప్పేవాళ్ల ముఖం కెమెరా వైపు ఉంటుంది. కప్పించుకునేవాళ్లు ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక నేల చూపులు చూస్తుంటారు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇలాంటివి చాలా చూశాను. వచ్చిన ముఖ్య అతిథి ప్రతిసారీ మా పిల్లల్ని "రేపటి ఇంజనీర్లు" అంటాడు. ఎలక్ట్రీషియన్లను ఎలక్ట్రీషియన్లంటే ఆయనకేం పోతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

అందుకే నల్లగండ్లలోని ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల సంఘం వాళ్లు ఫోన్ చేసి, "మా దగ్గర ట్రైనింగ్ చేస్తున్న మీ స్టూడెంట్స్‌ని సన్మానిద్దామనుకుంటున్నామండి" అన్నప్పుడు నేనేమీ పొంగిపోలేదు. మాట్లాడింది సంఘం అధ్యక్షురాలు. కాకినాడ వైపు మనిషి, ఐటీ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆవిడ తర్వాత అన్న మాటకు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఈ చుట్టుపక్కల ఎప్పటి నుంచో ఉన్నవాళ్లలో ఒకరిని కూడా గౌరవించాలని మా అందరి కోరికండి. గోపన్‌పల్లిలో ఒక పెద్దాయన ఉన్నారట. ఇక్కడి పాత ఇళ్లన్నిటికీ ఆయనే వైరింగ్ చేశారటగా. మీకేమైనా తెలుసాండీ?"

"తెలుసండీ," అన్నాను. "మా నాయిన."

నాయిన ఏ ఐటీఐలోనూ చదవలేదు. ఒక మేస్త్రీ వెనక తిరిగి తిరిగి పని నేర్చుకున్నాడు. గోపన్‌పల్లి ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో ఎవరింట్లో బల్బు వెలగకపోయినా ఆయన కోసమే వచ్చేవాళ్లు. ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఆ రెండూ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు.

మొదటిది జేబు. ఏ ఇంట్లో పనికి దిగినా ముందు మెయిన్ దగ్గరికెళ్లి, తెల్లటి పింగాణీ ఫ్యూజు ఊడబీకి, చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకునేవాడు. ఎవరైనా తెలియక స్విచ్చేసినా కరెంటు రాకూడదని. "ఫ్యూజు నా జేబుల ఉన్నంతసేపు నన్నెవ్వడు సంపలేడు" అనేవాడు. అయితే మనిషికి మతిమరుపు. పని అయిపోయాక ఆ ఫ్యూజుతోనే ఇంటికొచ్చి అన్నానికి కూర్చునేవాడు. ఒకసారి పెళ్లివారిల్లు మొత్తం చీకట్లో ఉండి, పెళ్లికొడుకు మేనమామ స్కూటరేసుకుని మా ఇంటికొచ్చాడు. నాయిన పప్పన్నం కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని, ఎడమ చేత్తో జేబులోంచి ఫ్యూజు తీసిచ్చాడు. అమ్మ ఆ రోజు తిట్టిన తిట్లు మా వాడలో చాలామందికి గుర్తున్నాయి.

రెండోది తాళాలు పగలగొట్టడం. అప్పట్లో కిరాయికున్నవాళ్లతో గొడవొస్తే ఇంటి ఓనర్లు మీటరు డబ్బాకు తాళం వేసేవాళ్లు. పిల్లాజెల్లా చీకట్లో ఉక్కపోతకు వేగలేక వాళ్లే ఖాళీ చేసి పోతారని. అలాంటివాళ్లు ఏడ్చుకుంటూ నాయిన దగ్గరికొచ్చేవాళ్లు. నాయిన మారు మాట్లాడకుండా సుత్తి తీసుకుని వెళ్లి, తాళం పగలగొట్టి, లైటు వెలిగించి వచ్చేవాడు. తెల్లారి ఓనర్లు కొట్లాటకొస్తే, "కరెంటుకు తాళమేసుడేంది సేటూ? నీ పిల్లలను కూసోబెడ్తవా చీకట్ల?" అని గల్లీ అంతా వినిపించేలా అడిగేవాడు. స్విచ్చు మీద తాళమంటే ఆయన లెక్కలో ఒకటే అర్థం. ఎవడో ఒకడు ఇంకొకణ్ని చీకట్లో కూర్చోబెడుతున్నాడని.

ఇక నేను క్లాసులో చెప్పే పాఠం దీనికి పూర్తిగా ఎదురు. ఇప్పుడు పద్ధతి మారింది. పెద్ద ప్యానెళ్ల మీద పనిచేసేటప్పుడు స్విచ్చు ఆఫ్ చేసి, దాని హ్యాండిల్‌కు ఎర్ర తాళం వేయాలి. తాళంచెవి పనిచేసేవాళ్ల జేబులోనే ఉండాలి. వేసినవాళ్లే తీయాలి. ప్రిన్సిపాల్ వచ్చి చెప్పినా, నేను చెప్పినా ఇంకొకరు తీయకూడదు. తాళానికి ఒక ఎర్ర అట్ట వేలాడుతుంది. పుర్రె, ఎముకల బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఇదంతా చెప్పాక, పుస్తకం మూసి, మా నాయిన జేబు సంగతి కూడా చెబుతాను. "పరీక్షలో రాయకండి, మార్కులు రావు. కానీ దగ్గర్లో ఫ్యూజు ఉంటే అది కూడా పీకి జేబులో వేసుకోండి" అంటాను. పిల్లలు నవ్వుతారు. పెళ్లివారింటి కథ చెబితే ఇంకా నవ్వుతారు.

సన్మానం జరగాల్సిన పిల్లల్లో ఒక్కతే అమ్మాయి. బాచుపల్లి నుంచి వస్తుంది. తల్లి ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. పిల్లకు ముక్కు మీద కోపం. వర్క్‌షాప్‌లో ఎవరైనా తన స్పానర్ ముట్టుకుంటే చాలు, ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే. అందరి తాళాలూ ఒకేలా ఉంటాయని తన తాళం మీద తెల్ల గోళ్ల రంగుతో చిన్న సిలువ గుర్తు వేసుకుంది. నాకు ఆ పిల్లంటే ఇష్టం. పైకి చెప్పను, చెబితే నెత్తికెక్కుతుంది.

ఆ ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్ ముందు పచ్చికలో స్టేజీ వేశారు. నాయిన గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, నూనె రాసుకుని, పెళ్లికొడుకులా తయారయ్యాడు. "శాలువా గరం అయితదేమో, జర పల్సటిది తెమ్మనరాదు" అని దారంతా నా ప్రాణం తీశాడు. మా అబ్బాయిలు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ల పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన ఆ అమ్మాయి తల్లి. చర్చికి కట్టుకునే చీరలో వచ్చింది, మల్లెపూలు పెట్టుకుంది.

"బిడ్డ ఏదమ్మా?" అన్నాను.

"బట్టలు మార్సుకొస్త అన్నది మేడం. గిప్పటిదాంక రాలే. ఫోన్ గూడ కలుస్తలేదు."

ఆడపిల్ల, చీర కట్టుకోవడానికి తంటాలు పడుతుందేమో అనుకున్నాను.

ముందు నాయిన వంతు వచ్చింది. ఆయన గురించి మాట్లాడటానికి ఒక ఫ్లాటు ఓనరు మైకు తీసుకున్నాడు. సాఫ్ట్‌వేర్‌లో మేనేజరు. చిన్నప్పుడు గోపన్‌పల్లిలో వాళ్లు కిరాయికుండేవాళ్లట. ఓనరుతో గొడవై మీటరుకు తాళం పడిందట. తెల్లారితే పరీక్ష. "దీపం ముందు కూర్చుని ఏడుస్తున్నానండీ. ఈయన వచ్చారు. ఒక్క దెబ్బ. తాళం కింద పడింది, మా ఇంట్లో లైటొచ్చింది. నేను ఈ రోజు ఇక్కడ నిలబడ్డానంటే ఆ లైటే కారణం."  అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సన్మానాలంటే చిరాకన్న నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఈ సంగతి నాయిన మాకెప్పుడూ చెప్పలేదు. శాలువా కప్పుతుంటే ఆయన నేల చూపులేమీ చూడలేదు, నేరుగా నన్నే చూశాడు.

అధ్యక్షురాలు పిల్లల గురించి మొదలుపెట్టింది. రెండు మాటలన్నదో లేదో, మైకు ఆగిపోయింది. స్టేజీ దీపాలూ పోయాయి. మసక చీకటి పడుతోంది. ఫ్లాట్లలో మాత్రం అన్నిట్లో లైట్లున్నాయి. మా పచ్చికకే ఏదో అయింది. అక్కడి ఎలక్ట్రీషియన్ ఎక్కడని కేకలేశారు. అతను కనపడలేదు.

"పెద్దాయన స్టేజీ మీదే ఉంటే ఇంకో ఎలక్ట్రీషియన్ ఎందుకండీ?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు నాయిన లేచాడు.

"నేనూ వస్త నాయినా, ఆగు," అన్నాను.

"నువ్వు కూసో బిడ్డా. గిది నీ ఐటీఐ గాదు," అని శాలువా భుజం మీదికి ఎగదోసుకుని, వాచ్‌మన్ ఫోన్ లైటు చూపిస్తుంటే పై సెల్లార్‌కు దిగే మెట్ల వైపు నడిచాడు. ఆ క్షణాన హైటెక్ సిటీ అద్దాల మేడలన్నీ ఆయనే కట్టినట్టుంది నడక. అధ్యక్షురాలు నా పక్కకొచ్చి, ఐటీఐలో అమ్మాయిలు తక్కువెందుకు చేరుతున్నారని అడిగింది. జవాబు చెబుతూ కూర్చున్నాను.

కాసేపటికి దీపాలు వెలిగాయి. మైకు కుయ్యిమంది. జనం ఈలలు వేశారు. నాయిన మెట్లెక్కి వచ్చి, చేతిలోని సుత్తి వాచ్‌మన్‌కిచ్చి, ఎవరూ ఇవ్వకుండానే మైకు అందుకున్నాడు.

"ఈడ గూడ తాళమేసిన్రు సాబ్! నేనొస్తనని తెల్సే ఏసినట్టున్రు!"

అరచెయ్యి పైకెత్తి చూపించాడు. జనం విరగబడి నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తల్లి కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నాయిన చేతిలో పగిలిన ఎర్ర తాళం ఉంది. దాని మీద తెల్ల రంగుతో సిలువ గుర్తు ఉంది.

నాకు చప్పట్లు వినపడటం ఆగిపోయింది.  ఖాళీ కుర్చీ వైపు చూశాను. దాని పక్కన ఇంకా చప్పట్లు కొడుతున్న ఆ తల్లి చేతులు చూశాను. స్విచ్చుకు ఆ తాళం ఉందంటే, వేసిన పిల్ల కింద ఎక్కడో పనిలో ఉంది. తీగల్లో చేతులు పెట్టి ఉంది. ఇప్పుడా తీగల్లోకి కరెంటు వదిలి వచ్చింది మా నాయిన. నా కన్నతండ్రి. ఇంతమంది ముందు, శాలువా కప్పుకుని. నాలుగు మాటలుగా విడదీస్తే అర్థమవుతున్నది, కలిపితే నమ్మలేకపోయాను.

ఎలా లేచానో, చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. మా పిల్లలు పని నేర్చుకునేది కింది సెల్లార్‌లోని పంపుల గదిలోనని తెలుసు, అంతే. బిడ్డా, బిడ్డా అని అరుస్తూ కార్ల మధ్య పరిగెత్తాను. నా గొంతే గోడలకు తగిలి తిరిగి వచ్చింది.  ఆ పిల్ల తల్లితో ఏం చెప్పాలా అని ఒక్క ఆలోచన తప్ప నాలో ఇంకేమీ లేదు. నాయిన మీద జాలి కూడా లేదు.

పంపుల గది తలుపు తెరిచే ఉంది. ప్యానెల్ మీద మూడు చిన్న దీపాలు వెలుగుతున్నాయి, ఎరుపు, పసుపు, నీలం. లైను ప్రాణంతో ఉందని అర్థం. దాని కింద పంపు మోటారు స్టార్టర్ విప్పి, తీగలు బయటికి లాగి ఉన్నాయి. స్పానర్ నేల మీద పడి ఉంది. ఆ పిల్ల ఎదుటి గోడకు అతుక్కుని, కళ్లు ఆర్పకుండా ఆ దీపాలనే చూస్తోంది.

దగ్గరికెళ్లి రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాను. అరచేతులు మంచులా ఉన్నాయి. కాలిన మచ్చ ఎక్కడా లేదు. 

"ఏం కాలేదు మేడం," అంది గొణుగుతూ. నన్నప్పుడే చూసినట్టు చూసింది. తర్వాత దాని గొంతు దానికి తిరిగి వచ్చింది. "నా తాళం ఎవరు తీసిన్రు?"

అప్పటికి నాయిన తలుపు దగ్గరికొచ్చాడు. నా ముఖం చూసి వెనకాలే పరిగెత్తినట్టున్నాడు, రొప్పుతున్నాడు. శాలువా ఒక కొస నేల మీద ఈడుస్తోంది. ఆయన వెనక ఆ పిల్ల తల్లి. నాయిన విప్పిన స్టార్టర్ చూశాడు, స్పానర్ చూశాడు, పిల్లను చూశాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు.

"నేనే తీసిన బిడ్డా."

"మీరెవరు తీయనీకి? అది నా తాళం. తాళమేసి ఉంటే కనవడలేదా? అట్ట గూడ ఏలాడేసిన గద!"

"పుర్రె, బొక్కల బొమ్మ... ప్రతి డబ్బ మీద ఉంటదది. ఇంగ్లీషు నాకు రాదు బిడ్డా. ఎవడో ఓనరు ఏసిండనుకున్న."

"ఓనరెవరు? నేను ఏసిన! ఈడి ఎలక్ట్రీషియన్ అన్నతోని పంపు చూడనీకొచ్చిన. మీదున్న ట్యాంకుల సుక్క నీళ్లు లెవ్వు. అన్న సామాను తేనీకి దుకాణానికి పోయిండు. నేను స్టార్టర్ల రెండు చేతులు వెట్టిన. కండ్ల ముందల లైట్లు ఎలిగినయ్!" ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆప్రాన్ జేబులో చెయ్యి పెట్టి, స్టార్టర్‌కు కరెంటిచ్చే ఫ్యూజులు గుప్పెడు బయటికి తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. "గివి నా జేబుల లేకుంటే నేనుంటుంటినా? చెప్పుండ్రి, ఉంటుంటినా?"

నాయిన ఆ తెల్లటి ఫ్యూజులు చూసి, తన చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"జేబుల ఏసుకొమ్మని నీకెవరు చెప్పిన్రు?" అన్నాడు. అంత సన్నటి గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

"మేడం చెప్పింది. మేడంకు వాళ్ల నాయిన చెప్పిండట." స్టేజీ మీద ఏం జరిగిందో ఆ పిల్లకు తెలియదు. ఆయనెవరో కూడా తెలియదు.

నాయిన అక్కడే నేల మీద కూలబడ్డాడు. శాలువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, ఆ సిమెంటు నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు.

ఆ తల్లి కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నుదురు, చెంపలు, మెడ తడిమి తడిమి చూసుకుంది. నాయినను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆయన వైపు తిరిగి, "నేను చప్పట్లు గొట్టిన పెద్దాయనా," అంది. "గా తాళం జూసి నేను గూడ చప్పట్లు గొట్టిన."



పైనుంచి మైకు సన్నగా వినపడుతోంది. "ఇప్పుడు మన స్టూడెంట్స్‌ని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం" అంటోంది అధ్యక్షురాలు. ఈలోగా ఎలక్ట్రీషియన్ కొత్త సామాను పట్టుకుని వచ్చాడు. పిల్లను ఒంటరిగా వదిలి వెళ్లినందుకు, తన తాళం ఇంట్లోనే వదిలి వచ్చినందుకు అతనికి నేను పెట్టిన చీవాట్లు కార్లలో పడుకున్న పిల్లుల్ని కూడా లేపి ఉంటాయి. పని ఇక చాలు, పైకి పద అన్నాను పిల్లతో. అది కదల్లేదు.

"నీళ్లు లేక పైనోళ్లు పరేషాన్ అయితున్రు మేడం. సగం ఇప్పి ఇడిసిపెట్టి నేను రాను."

నేరుగా పై సెల్లార్‌లో మెయిన్ ప్యానెల్ ఉన్న గదికి వెళ్లింది. మేమందరం వెనకాలే వెళ్లాం. హ్యాండిల్ కిందికి లాగింది. పైన మైకు మాట మధ్యలో తెగిపోయింది. తాళం వేయబోయి, తాళం లేదని గుర్తొచ్చి ఆగింది. చుట్టూ చూసి, నాయినను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ హ్యాండిల్‌కు అడ్డంగా నిలబెట్టింది.

"మీరు ఈడ నిలవడుండ్రి. నేనొచ్చి చెప్పేదాంక ఎవ్వలొచ్చినా ముట్టనీయకుండ్రి."

నాయిన తల ఊపాడు. నేనూ ఎలక్ట్రీషియనూ ఆ పిల్లతో పాటు కిందికి దిగాం. తల్లి పంపుల గది గడపలో కూర్చుని, పని అయ్యేదాకా కూతురి చేతుల మీద నుంచి కళ్లు తిప్పలేదు.

పైన జరిగింది తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. మళ్లీ చీకటైందని ఒక్కొక్కరే కిందికొచ్చారట. సౌండ్ సిస్టమ్ అతను వచ్చాడు. తాళం కథ చెప్పి ఏడిపించిన మేనేజరు వచ్చాడు. చివరికి అధ్యక్షురాలే వచ్చి, "ఏమైందండీ? పిల్లలు స్టేజీ మీద నిలబడి ఉన్నారు, ఒక్క ఐదు నిమిషాలు ఆన్ చేయండి" అని బతిమాలిందట. నాయిన రెండు చేతులూ చాపి, ప్యానెల్‌కు వీపు ఆనించి నిలబడ్డాడట. ఎవరేమడిగినా ఒకటే మాట అన్నాడట.

"లోపల మనిషి ఉన్నది."

ఆ సాయంత్రం పిల్లల సన్మానం చీకట్లోనే, ఫోన్ లైట్ల వెలుగులో మొదలైంది. పని ముగించి దీపాలు వచ్చాక, ఆ అమ్మాయి చేతులకు గ్రీజుతో, ఆప్రాన్‌తోనే స్టేజీ ఎక్కింది. అధ్యక్షురాలు నిజంగానే ఏడ్చింది, కెమెరా వైపు చూడలేదు. పంపు తిరిగింది, ట్యాంకు నిండింది.  ఇంటి దగ్గర ఆటో దిగేముందు నాయిన శాలువా మడిచి నా ఒళ్లో పెట్టాడు. "గా అట్ట మీద బొక్కల బొమ్మ గాదు బిడ్డా," అన్నాడు. "లోపల మనిషి ఉన్నదని రాయి. తెలుగుల రాయి. నాసొంటోడు గూడ సదువుతడు."

రాశాం. మా వర్క్‌షాప్‌లో తాళాలన్నిటికీ ఇప్పుడు ఆ అట్టలే. రాసింది ఆ అమ్మాయే. కొత్త బ్యాచ్‌కు తాళం పాఠం చెప్పే రోజున నాయిన కూడా వస్తాడు. ఎవరు పిలిచారని అడిగితే చెప్పడు. శాలువా కప్పుకోడు, కుర్చీ వేసినా కూర్చోడు. జేబు గుండీ తీసి, తెల్ల సిలువ గుర్తున్న ఆ పగిలిన ఎర్ర తాళాన్ని బయటికి తీసి, పిల్లలందరికీ కనపడేలా పట్టుకుంటాడు.

"దీన్ని పలగ్గొట్టింది నేనే," అంటాడు.

ఆ మాటకు ఏ పిల్లలూ ఇంతవరకూ నవ్వలేదు.